కొండమీద కాటేజీలకు గ్రామసభలో సరే అనాలా, వద్దనాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, లంబసింగికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. 60 గడపలు ఉంటాయి, అందరం గిరిజనులమే. కొండవాలులో మా నాన్న పేరున 3 ఎకరాల పట్టా భూమి ఉంది, అందులో కాఫీ, మిరియాల పాదులు ఉన్నాయి. దాన్ని ఆనుకుని మా బాబాయికి అటవీ హక్కుల పట్టా భూమి ఉంది. సిటీ నుంచి ఒకాయన వచ్చి ఈ రెండూ కలిపి 15 ఏళ్లకి లీజుకిస్తే 20 చెక్క కాటేజీలు వేస్తానంటున్నారు. "మేం కొనట్లేదు, లీజే కదా" అంటున్నారు. కాగితాలు మా మేనత్త కొడుకు పేరున ఉంటాయట, బావ కూడా ఎస్టీయే కాబట్టి ఇబ్బంది రాదట. మా అన్నయ్య ఇప్పటికే 50 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు. వచ్చే వారం గ్రామసభ పెట్టి తీర్మానం చేస్తారని సర్పంచ్ చెప్పారు. ఆ చోటికి కిందనే మా ఊరి తాగునీటి ఊట ఉంది. పెద్దవాళ్లు వద్దంటున్నారు, కుర్రాళ్లు పనులొస్తాయని సరే అంటున్నారు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే అని అందరూ నన్నే అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. వద్దంటే ఊరి బాగుకి అడ్డుపడ్డవాణ్ని అవుతానా?

జవాబు: తమ్ముడూ, అవ్వవు. నువ్వు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్తున్నాను, ఎందుకంటే నిన్ను నిద్రపోనివ్వనిది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీ ఊళ్లో ఇప్పుడు గొడవంతా టూరిస్టులు రావాలా వద్దా అన్నట్టు నడుస్తోంది, కుర్రాళ్లు ఒక పక్క, పెద్దవాళ్లు ఒక పక్క. కానీ మీ ముందు పెట్టిన కాగితం భూమి గురించి. ఈ రెండింటినీ విడదీసి చూడు. టూరిస్టులు వస్తే మంచిదా కాదా అన్నది మీరంతా కూర్చుని నెమ్మదిగా తేల్చుకోవచ్చు, ఈ ఏడు కుదరకపోతే పైఏడు. భూమిని 15 ఏళ్లు ఇంకొకరి చేతిలో పెట్టాక మాత్రం నెమ్మదిగా తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని గ్రామసభలో నువ్వు లేచి మాట్లాడితే ముందు ఆ భూమి ఎవరి స్వాధీనంలో ఉంటుందన్నది మాట్లాడు, కాటేజీల సంగతి ఆ తర్వాత.

1/70 చట్టం పేరు మన్యంలో పుట్టిన ప్రతివాళ్లూ వింటూనే పెరుగుతారు, కానీ అందులో ఏముందో విప్పి చెప్పేవాళ్లు తక్కువ. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదు అన్నంతవరకే చాలామందికి తెలుసు. అసలు నిబంధన 1959లో వచ్చింది, 1970లో దాన్ని సవరించి బాగా గట్టి చేశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, భూమి ఎవరిదైనా సరే, ఎస్టీ వ్యక్తికో, అందరూ ఎస్టీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి బదలాయించినా అది చెల్లదు. బదలాయింపు కిందికి అమ్మకం ఒక్కటే రాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి అన్నీ వస్తాయి, వాటి కోసం రాసుకున్న ఒప్పందం కూడా వస్తుంది. కాబట్టి "లీజే కదా" అన్న మాటలో పస లేదు. ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1988లో కోర్టు దాన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో ఇంకా ముందుకెళ్లి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ కేసు పుట్టింది ఇప్పటి మీ జిల్లాలోనే, అనంతగిరి మండలంలో. మీ ఊళ్లో ఎవరికైనా అనుమానం ఉంటే ఈ సంగతి తప్పకుండా చెప్పు. ప్రభుత్వానికే కుదరనిది సిటీ నుంచి వచ్చిన ఒక ఆసామికి స్టాంపు కాగితంతో ఎలా కుదురుతుంది?

స్టాంపు కాగితం అన్నాను కదా, అదీ చెప్తాను. ఇలాంటి లీజుని రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చెయ్యరు, అందుకే వీటిని మామూలుగా స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ ముద్ర కొట్టించి, చేతిలో డబ్బు పెట్టి కానిస్తుంటారు. నోటరీ ముద్ర పడితే చాలు కాగితం చెల్లుతుందని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. సంతకం ఫలానా మనిషిదేనని చెప్పడానికి ఆ ముద్ర పనికొస్తుంది, అంతకుమించి చెల్లని లీజుకి అది ప్రాణం పొయ్యలేదు.

ఇక మీ బావ పేరు. ఆయన ఎస్టీ కాబట్టి పైకి చూస్తే అంతా సక్రమంగానే కనిపిస్తుంది. కానీ పెట్టుబడి ఎవరిది, బుకింగుల డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, పనివాళ్లని పెట్టేదీ తీసేదీ ఎవరు? వీటన్నిటికీ జవాబు సిటీ ఆయనే అయితే మీ బావ ఉత్త బినామీ, రేపు విచారణకి వచ్చే అధికారి అడిగేవి కూడా ఇవే. ఈ విషయం మీ బావని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు, నలుగురిలో అడిగి చిన్నబుచ్చకు. చలిమంట నుంచి నిప్పురవ్వ ఎగిరి చెక్క కాటేజీ అంటుకున్నా, టూరిస్టు ఎవరైనా గెడ్డలో పడి ప్రాణం పోయినా పోలీసులు ముందు వెతికేది కాగితం మీద పేరున్న మనిషినే. కరెంటు బాకీ, పన్ను నోటీసు, ఆ పేరున ఏదైనా అప్పు తీస్తే ఆ అప్పు, అన్నీ ఆయన గుమ్మంలోకే వస్తాయి. పేరు ఇచ్చినందుకు నెలకి ఎంతిస్తామన్నారో నాకు తెలీదు గానీ, ఆ పూచీకి సరిపడే డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వరు.

మీ బాబాయి భూమి సంగతి ఇంకా సున్నితం. అటవీ హక్కుల పట్టా 2006 చట్టం కింద వచ్చింది. ఆ హక్కు పిల్లలకి వారసత్వంగా వెళ్తుంది, కానీ అమ్మడానికీ ఇంకొకరికి బదలాయించడానికీ వీల్లేదని ఆ చట్టంలోనే స్పష్టంగా రాసి ఉంది. పెళ్లయినవాళ్లకి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు, అంటే మీ పిన్ని కూడా హక్కుదారే. ఆవిణ్ని ఒక్కరైనా అడిగారా? నీ ఉత్తరంలో ఆవిడ మాట ఎక్కడా లేదు. ఇంకోటి, పట్టా వచ్చినా అది లెక్కల్లో అటవీ భూమే. అక్కడ అడవితో సంబంధం లేని కట్టడాలు వెయ్యాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. ఎన్నో ఏళ్లు తిరిగి సంపాదించుకున్న పట్టాని కాటేజీల కోసం చిక్కుల్లో పెట్టుకోవద్దని మీ బాబాయికి నా మాటగా చెప్పు.

"ఆ చట్టం ఎలాగూ ఎత్తేస్తారట" అనే ప్రచారం కూడా మీ ఊళ్లో ఉండే ఉంటుంది, ఇలాంటి బేరాలు జరిగేచోట అది తప్పకుండా వినపడుతుంది. 2025 మొదట్లో విశాఖలో జరిగిన టూరిజం సదస్సులో అసెంబ్లీ స్పీకర్ ఏజెన్సీలో టూరిజం కోసం 1/70ని సవరించాలన్నట్టు మాట్లాడితే, ఫిబ్రవరిలో మన్యం బంద్ అయ్యింది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. కాబట్టి రేపేదో మారుతుందని ఈ రోజు సంతకం పెట్టడానికి కారణమేమీ లేదు.

ఇప్పుడు గ్రామసభ గురించి. ముందు ఒకటి తెలుసుకో. గ్రామసభ అంతా కలిసి చేతులెత్తినా చెల్లని లీజు చెల్లదు. అంటే వచ్చే వారం తీర్మానం పాసైనా మీ నాన్న భూమి పోయినట్టు కాదు, ఆ భయం వదిలెయ్యి. మరి తీర్మానం కోసం ఆయన అంత పట్టుబట్టడం ఎందుకంటే, ఊరంతా ఒప్పుకుందన్న కాగితం చేతిలో ఉంటే ఆఫీసుల్లో చూపించుకోవచ్చు, రేపు ఎవరైనా అడ్డం తిరిగితే ఊరి మీదికే నెట్టొచ్చు. అందుకని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి మామూలు పంచాయతీల్లో లేని బలం ఉంది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం, 2011లో మన రాష్ట్రం చేసిన నియమాలు ఆ బలాన్ని ఇచ్చాయి. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం, పోయిన భూమిని తిరిగి ఇప్పించేందుకు కదిలే అధికారం అందులో ఉన్నాయి. పెసాలో ఊరంటే పంచాయతీ మొత్తం కానక్కర్లేదు, ఒక ఆవాసం గానీ కొన్ని ఆవాసాలు కలిపి గానీ ఊరవుతాయి. కాబట్టి నువ్వు ముందు తెలుసుకోవాల్సింది ఇది: మీ ఊరిని పెసా గ్రామంగా విడిగా నోటిఫై చేశారా, లేక పక్క ఊళ్లతో కలిపారా? పంచాయతీ కార్యదర్శిని అడుగు. విడిగా ఉంటే పెసా కింద తీర్మానం చేయాల్సింది మీ 60 గడపలవాళ్లే, నాలుగు మైళ్ల అవతల పంచాయతీ ఆఫీసులో కూర్చున్న పాలకవర్గం కాదు. సర్పంచ్, వార్డు మెంబర్లు కలిసి చేసే పాలకవర్గ తీర్మానాన్ని గ్రామసభ తీర్మానమని చెప్పి కాగితం ఇచ్చేయడం చాలాచోట్ల జరుగుతుంది, అది జరగనివ్వకు.

సభకి కోరం ఉంటుంది, గిరిజనుల హాజరు ఎంత ఉండాలన్నది కూడా నియమాల్లో ఉంటుంది. హాజరు పుస్తకం ముందుగా ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టించుకుని తర్వాత నింపేది కాకుండా చూడు. సంత రోజున సభ పెడితే ఒప్పుకోకండి, ఆడవాళ్లంతా సంతకి వెళ్లిపోతారు. మీ ఊళ్లో నీళ్లు మోసేది ఎవరో నీకు తెలుసు కదా, వాళ్లు లేకుండా ఊట గురించి నిర్ణయం ఎలా చేస్తారు? ఆ కాటేజీల నక్షా, నీళ్లు ఎక్కణ్నుంచి, మురుగు ఎక్కడికి, ఎన్ని చెట్లు కొడతారు, ఎంతమందికి పని ఇస్తారు, ఇవన్నీ కాగితం మీద సభకి కనీసం కొన్ని రోజుల ముందు ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే సభలో ఒకటే మాట, వివరాలు రాలేదు కాబట్టి వాయిదా. వాయిదా అడగడం వద్దనడం కంటే తేలిక, కుర్రాళ్లు కూడా దానికి ఒప్పుకుంటారు. ఎవరు ఏమన్నారో, ఎవరు వ్యతిరేకించారో తీర్మానం పుస్తకంలో రాయించి, కాపీ అదే రోజు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే బాధగా ఉన్నది ఊట. భూమి తగాదా కోర్టులో పదేళ్లు నడిచినా చివరికి భూమి అక్కడే ఉంటుంది, ఊట ఎండిపోతేనో చెడిపోతేనో తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. మీ ఊరి పెద్దవాళ్లు వద్దంటున్నది పాతకాలపు భయంతో అని కుర్రాళ్లు అనుకుంటున్నారేమో, వాళ్లకి లెక్క చూపించు. జల్ జీవన్ మిషన్‌లో పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు చొప్పున లెక్కేస్తారు. మీ 60 గడపల్లో ఇంటికి నలుగురు అనుకుంటే 240 మందికి 13,200 లీటర్లు. హోటళ్లకి ఒక్కో మంచానికి రోజుకి 180 లీటర్లు లెక్కేయాలని భారతీయ ప్రమాణాల్లో ఉంది. 20 కాటేజీల్లో ముగ్గురేసి ఉంటే 60 మందికి 10,800 లీటర్లు. అంటే 60 మంది చుట్టాలు దాదాపు మీ ఊరు ఊరంతా వాడుకునేన్ని నీళ్లు వాడతారు. వేడినీళ్ల స్నానాలు, ఫ్లష్ టాయిలెట్లు, రోజూ ఉతికే దుప్పట్లు, ఇవన్నీ కలిస్తే అంతే అవుతుంది.

మీ ఊట ఎంత ఇస్తుందో మీరే కొలుచుకోవచ్చు, ఇంజినీరు అక్కర్లేదు. 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైం చూడు. నిమిషంలో నిండితే రోజుకి 28,800 లీటర్లు, రెండు నిమిషాలు పడితే 14,400 లీటర్లు. రెండు నిమిషాలు పట్టే ఊట మీ ఊరికి బొటాబొటిగా సరిపోతుంది, మిగిలే 1,200 లీటర్లు కాటేజీలకి ఏ మూలకీ చాలవు. ఈ కొలత శీతాకాలంలో చేస్తే నమ్మకు, వానలు పడి ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి ధార బాగానే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎంత వస్తుందన్నదే అసలు లెక్క. ఈ ఏడు కొలత లేకపోతే వేసవిలో మీ అమ్మావాళ్లు బిందె నిండడానికి ఎంతసేపు నిలబడ్డారో సభలో వాళ్లనే చెప్పమను. "బోరు వేసుకుంటాం, ఊట జోలికి రాం" అని ఆయన అనొచ్చు. ఊటకి పైన వాలులో బోరు వేస్తే అది లాగే నీళ్లు ఊటలోకి రావాల్సిన నీళ్లే కావొచ్చు, కాబట్టి ఆ మాట విని ఊరుకోకండి. అటవీ హక్కుల చట్టంలో ఐదో సెక్షన్ నీటి వనరుల్ని, వాటి పైనున్న పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. ఊటకి పైన ఎలాంటి కట్టడమూ ఉండకూడదని మీ గ్రామసభ తీర్మానం చెయ్యొచ్చు, నన్నడిగితే వచ్చే వారం చెయ్యాల్సిన తీర్మానం అదే.

మురుగు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 20 మరుగుదొడ్ల గుంతలు ఊటకి పైన ఉంటే నీళ్లు ఎటు ఇంకుతాయో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. వాలు తవ్వి చదును చేస్తే వానాకాలంలో మట్టి జారుతుంది, సిల్వర్ ఓక్ చెట్లు కొట్టేస్తే నీడ పోయి పక్కవాళ్ల కాఫీ కూడా దెబ్బతింటుంది. అంటే ఇది మీ నాన్నకీ బాబాయికీ మాత్రమే సంబంధించిన విషయం కాదు, ఆ వాలులో తోట ఉన్న ప్రతి ఇంటిదీ.

కుర్రాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లని కొట్టిపారెయ్యకు తమ్ముడూ, వాళ్లడిగేది న్యాయమైనదే. ఊళ్లోనే పని దొరికితే విజయవాడ, హైదరాబాద్ వెళ్లి బిల్డింగ్ పనుల్లో పడుండక్కర్లేదని ఆశ. నువ్వు బయటికెళ్లి ఉద్యోగం చేస్తూ వాళ్లకి పని వద్దన్నట్టు మాట్లాడితే వాళ్లు వినరు, వినకపోవడంలో తప్పు కూడా లేదు. కాకపోతే ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని నెలలు, ఎంత జీతం అని వాళ్లచేతే అడిగించు. లంబసింగికి జనం విరగబడేది నవంబరు నుంచి జనవరి దాకా, అదీ ఎక్కువగా శని, ఆదివారాల్లో. సరిగ్గా అప్పుడే కాఫీ పళ్లు కోతకొస్తాయి. ఇంట్లో పని అన్నిటికంటే ఎక్కువ ఉన్న రోజుల్లో కాటేజీలో పని ఉంటుంది, పని లేని వేసవిలో, వానాకాలంలో అక్కడా పెద్దగా ఉండదు. ఇది ఎవరూ ఆలోచించినట్టు లేదు. పైగా మేనేజరు, వంటమాస్టరు సిటీ నుంచే వస్తారు, ఊరివాళ్లకి మిగిలేది ఊడ్చడం, బట్టలుతకడం, రాత్రి కాపలా. ఆ పనుల్లో చిన్నతనమేమీ లేదు, కానీ సొంత భూమిలో కూలీగా మారడానికి 15 ఏళ్ల లీజు రాసివ్వడం నాకు అస్సలు నచ్చని సంగతి.

మీ నాన్న ఆ 3 ఎకరాల్లో కాఫీ, మిరియాల మీద గత మూడేళ్లలో ఎంత సంపాదించారో లెక్క రాయి. గిరిజన సహకార సంస్థకి అమ్మి ఉంటే రశీదులు ఉంటాయి. ఆ మొత్తాన్ని లీజు డబ్బుతో పోల్చు. 15 ఏళ్ల తర్వాత భూమి తిరిగొచ్చినా అందులో కాఫీ ఉండదు, కొత్తగా వేస్తే కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్ల నష్టాన్ని కూడా లెక్కలో కలుపు. అన్నయ్యకి ఇది అంకెల్లో చూపిస్తేనే బుర్రకెక్కుతుంది.

"కట్టేశాక ఎవరు కూలుస్తారులే, అప్పటికి అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్లు కూడా ఉంటారు. తమిళనాడు నీలగిరుల్లో శిగూరు దగ్గర ఏనుగుల దారిలో కట్టిన రిసార్టుల యజమానులూ అలాగే అనుకుని ఉంటారు. ఆ దారిని ఖాళీ చేయించాలన్న నిర్ణయాన్ని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. మీ దగ్గర అలాంటిది జరిగితే పెట్టుబడి పోగొట్టుకున్న సిటీ ఆయన వెళ్లిపోతాడు, విరిగిన కాంక్రీటు దిమ్మెలు, ఖాళీ సీసాలు మీ వాలులో ఉంటాయి.

అయితే వద్దన్నాక ఏం చేస్తారు? ఉత్త "వద్దు" దగ్గర ఆగిపోతే వచ్చే ఏడు ఇంకొకాయన వస్తాడు, ఇంకో అన్నయ్య అడ్వాన్స్ తీసుకుంటాడు. అందుకే ఊరు తనంతట తాను ఏం చెయ్యగలదో కూడా అదే సభలో మాట్లాడండి. ఎస్టీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి భూమి ఇవ్వొచ్చని 1/70లోనే ఉందని పైన చెప్పాను కదా. సహకార సంఘాల చట్టం 1964 కింద మీ ఊరివాళ్లే సంఘం పెట్టుకోవచ్చు. కాటేజీలు కూడా అవసరం లేదు, ముందు ఉన్న ఇళ్లలోనే రెండు మూడు గదులు బాగు చేసి హోంస్టేగా మొదలుపెట్టండి. 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్‌లో గిరిజన ప్రాంతాల్లో 1,000 హోంస్టేలు పెట్టించాలని ఉంది. కొత్తగా కట్టుకుంటే ఒక్కోదానికి 5 లక్షల వరకు, ఉన్నదాన్ని బాగుచేసుకుంటే 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకి 5 లక్షల వరకు సాయం అందులో ఉంది. మీ ఊరికి అది వర్తిస్తుందా, దరఖాస్తు ఎలా పెట్టాలి అన్నది పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో రాతపూర్వకంగా అడుగు. నోటితో అడిగితే "చూద్దాం" అని పంపిస్తారు.

బయటివాళ్ల సాయం అసలే వద్దని నేననను. బుకింగులు తెచ్చిపెట్టేవాళ్లు, ఫొటోలు తీసి ప్రచారం చేసేవాళ్లు, గదులు ఎలా నడపాలో నేర్పేవాళ్లు కావాలి, వాళ్లకి వచ్చిన డబ్బులో కమీషన్ ఇవ్వండి. భూమి, తాళాలు, బ్యాంకు ఖాతా మాత్రం సంఘం చేతిలోంచి దాటకూడదు. "నిర్వహణ ఒప్పందం" అని పేరు పెట్టి తాళాలు అప్పగించినా అది మళ్లీ లీజుకే దారి తీస్తుంది. ఆ సిటీ ఆయన నిజంగా మీ ఊరి బాగు కోరే మనిషైతే ఈ పద్ధతికి ఒప్పుకుంటాడు, ఒప్పుకోకపోతే ఆయనకి కావాల్సింది ఏమిటో ఊరికి అర్థమవుతుంది.

మనవాళ్లే నడిపినా నియమాలు పెట్టుకోవాలి సుమా. గిరిజనుల చేతుల్లో ఉన్నంతమాత్రాన ఊటకి పైన కట్టిన గది మంచిదైపోదు. ఊరు మొత్తానికి ఎన్ని గదులు మించకూడదు, రాత్రి ఎన్నింటికి మైకులు ఆపాలి, చెత్త ఎవరు కిందికి మోసుకెళ్లాలి, చలిమంటలకి పుల్లలు ఎక్కణ్నుంచి, వచ్చినదాంట్లో ఊటకీ బడికీ ఎంత తియ్యాలి, ఇవన్నీ మొదటి టూరిస్టు రాకముందే గ్రామసభలో రాసుకోండి. వంట మీ ఊరి మహిళా సంఘానికి ఇవ్వండి. చోడి అంబలి, బొంగులో కోడికూర, మీ రాజ్మా కూర తినడానికే జనం వస్తారు, నేనైతే వస్తాను.

ఏదైనా కాగితం మీద సంతకం ఇప్పటికే పడి ఉంటే పాడేరులో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టండి. 1/70 కేసులు వినేది అక్కడే, చెల్లని బదలాయింపు అని తేలితే భూమి ఖాళీ చేయించి సొంతదారుకి తిరిగి ఇప్పిస్తారు. ఇక్కడ మీ అన్నయ్యకి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సొంతదారు వెనక్కి తీసుకోవడానికి ఇష్టపడకపోతే ఆ భూమిని ఇంకో గిరిజనుడికి ఇచ్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. లీజు డబ్బు మీద ఆశతో "నాకు వెనక్కి వద్దు" అంటే భూమికే ఎసరు రావొచ్చు. లాయరు ఖర్చుకి భయపడొద్దు, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం హక్కుగా ఉంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

చివరగా ఆ 50 వేలు. అన్నయ్యని సభలో నలుగురి ముందు నిలదియ్యకు. అతను ఇంటి అవసరానికే తీసుకుని ఉంటాడు, అప్పుందో, పిల్లల ఫీజులో, ముందు అది కనుక్కో. ఆ డబ్బు సభకి ముందే తిరిగివ్వాలి, లేకపోతే మీ ఇంటివాళ్లు ఎవరు ఏం మాట్లాడినా "డబ్బు తీసుకుని ఇప్పుడు కాదంటారా" అన్న ఒక్క మాటతో నోరు మూయిస్తారు. కొంత ఖర్చయిపోయి ఉంటే నువ్వు ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి తక్కువ పడింది సర్దు, బాబాయిని కూడా కలుపుకో. నగదుగా ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారా పంపి, లీజు అడ్వాన్స్ తిరిగి ఇస్తున్నామని మెసేజ్ కూడా పెట్టండి. ఆయన తీసుకోనని మొండికేస్తే ఆ సంగతి ఉత్తరంగా రాసి స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు అన్నయ్య చేత ఖాళీ స్టాంపు కాగితం మీద గానీ తెల్ల కాగితం మీద గానీ సంతకం తీసుకున్నారేమో అడుగు. తీసుకుని ఉంటే ఆ కాగితం వెనక్కి ఇమ్మని అదే ఉత్తరంలో రాయండి, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి పెట్టే దరఖాస్తులో కూడా ఆ విషయం చేర్చండి.